స్టిక్కరు వెనక దీపం

"దారిలో ఆగిపోతే ఏం చేద్దామ్రా?" అంది కోటిరత్నం.

కారు ఇంకా వాకిట్లోకి రానేలేదు. కొడుకు చైతన్యకృష్ణ పత్తికొట్టం తలుపులు తీసి దాన్ని మెల్లగా బయటికి తెస్తున్నాడు. భర్త బాపయ్య వసారాలో నిలబడి ఇస్త్రీ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"పెళ్లిచూపులకు పోతా ఆ మాటలేంటే? మార్టూరేమన్నా కాశీయా?" అన్నాడు బాపయ్య.

"ఆగిపోయేదానికి కాశీ అయితేనేం, మార్టూరయితేనేం? హైవే మీద ఆగి, వెనకమాలే రాళ్ల లారీ వస్తే?"

"నీ నోటెంట శుభమన్న మాట రాదు గదా!"

కోటిరత్నానికి భయాలు ఎక్కువన్నది నిజమే. కొడుకు పొలానికి పోతే పాము, రోడ్డెక్కితే లారీ, ఇంట్లో ఉంటే కరెంటు. ఆమె భయాలకు ఇంట్లోవాళ్లు నవ్వుకుంటారు. కానీ భయపడే తల్లులు అడిగేవన్నీ పిచ్చి ప్రశ్నలు కావు. వాటిలో ఒకటో అరో సరిగ్గా అడగాల్సినవే ఉంటాయి. ఈ కారు కొన్నరోజున కూడా ఆమె ఒక మాట అడిగింది. అప్పుడూ నవ్వారు.

ఈ కారు ఎందుకు కొన్నారో ముందు చెప్పుకోవాలి. పెదనందిపాడు వైపు పల్లె వాళ్లది. చైతన్యకృష్ణ డిగ్రీ చదివి, తండ్రితో పాటు సేద్యంలోకి దిగాడు. మిర్చీ పత్తీ బాగానే పండిస్తాడు. తాగుడు లేదు, పేకాట లేదు. అయినా వచ్చిన సంబంధమల్లా ఒక్క మాట దగ్గర ఆగిపోయేది. "అబ్బాయి ఏం చేస్తాడు?" "వ్యవసాయం." అంతే, ఆ తర్వాత అటునుంచి ఫోను వచ్చేది కాదు. ఈరోజుల్లో మన పల్లెల్లో ఎన్ని ఇళ్లు ఈ మాటతో కుమిలిపోతున్నాయో చదివేవారికి తెలియనిది కాదు. పంట పండించేవాడు అందరికీ కావాలి, అల్లుడిగా మాత్రం ఎవరికీ వద్దు. ఆ చిన్నతనం భరించలేకపోయాడు ఆ కుర్రాడు. మనిషిని చూసి రానివాళ్లు కారును చూసైనా వస్తారనుకున్నాడు. విజయవాడలో పాతకార్ల బేరగాడొకడు, వీధిలో పోతుంటే నలుగురూ తిరిగి చూసే విదేశీ కారును, మామూలు చిన్నకారు ధరకే ఇస్తానన్నాడు. తోలు సీట్లు, పైన అద్దాల కప్పు, అద్దంలోలా మొహం చూసుకోవచ్చన్నట్టున్న నల్లరంగు.

"ఇంకో మెకానిక్కుకి ఒకసారి చూపిద్దాంరా," అంది తల్లి.

"ఇంత కారు కొనేవాళ్లు అట్టా అడగరమ్మా. నవ్వుతారు," అన్నాడు కొడుకు.

గుంటూరు యార్డులో మిర్చి కొనేవాడు బస్తా అడుగుదాకా చెయ్యి పెట్టి, తాలుకాయ కలిసిందేమోనని చూస్తాడు. ఆ యార్డుకు ఏటా సరుకు తోలే మనుషులే ఈ కారును మాత్రం ఒక్క చుట్టు తిప్పి, కొబ్బరికాయ కొట్టి, ఇంటికి తెచ్చుకున్నారు.

తెచ్చాక జరిగిన తప్పులన్నీ ప్రేమతో చేసినవే. ఎండ తగలకూడదని, ఊరి దిష్టి తగలకూడదని, కారును పత్తికొట్టంలో పెట్టారు. మంచి ధర కోసం ఆపిన పత్తి అందులోనే ఉంది. దాని నూగు గాలికి లేచి, కారు ముందు జాలీలోంచి పోయి, లోపల రేడియేటరు మీద పరుపులా పరుచుకుంది. కొట్టం ఎదురుగా కల్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి. కూలీలు వాటిని తిరగేసినప్పుడల్లా లేచిన ఘాటుదుమ్ము ఏసీ ఫిల్టరు నిండా పట్టింది. రేడియేటరులో నీళ్లు తగ్గాయని బాపయ్య ట్రాక్టరుకు పోసినట్టే చెంబుతో బోరునీళ్లు పోశాడు.

"ఈ నీళ్లు కాస్తే నా కాగు అడుగునే సున్నం పొర కడతంది. కారు కడుపులో మాత్రం కట్టదా?" అని అడిగింది కోటిరత్నం.

"కాగుకీ ఇంజనుకీ తేడా తెలవదు నీకు," అన్నాడు బాపయ్య.

కొన్నాళ్లకు మీటరు మూలన ఒక పసుపు దీపం వెలిగింది. చైతన్యకృష్ణ ఎవరికీ చెప్పకుండా, అటువంటి కార్లు బాగుచేసే వర్కుషాపుకి ఫోన్ చేశాడు. "దాన్ని నడపొద్దండి. లారీ మీద ఎక్కించి పంపించండి," అన్నారు వాళ్లు. అదొక్కటే అతని వల్ల కాలేదు. టీకొట్టు ముందునుంచి, స్నేహితులంతా చూస్తుండగా, తన కారు లారీ మీద ఊరేగడమా? "ఏరా చైతన్యా, అది నిన్ను మోస్తుందా, దాన్ని నువ్వు మోస్తున్నావా?" అనే వెక్కిరింత ముందుగానే అతని చెవిలో మోగింది. మర్నాడు ఆ దీపం మీద వెంకటేశ్వరస్వామి స్టిక్కరు అంటించాడు. కొడుక్కి భక్తి కుదిరిందని తల్లి సంతోషించింది.

ఇదిగో, ఆ కారులోనే ఇప్పుడు పెళ్లిచూపులకు ప్రయాణం.

బాపయ్య ముందు కూర్చున్నాడు. కోటిరత్నం పండ్లబుట్ట ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుంది. కొడుకు ఏసీ వేశాడు. బాపయ్య తుమ్మాడు.

"ఆపరా! ఒంటితుమ్ము. దిగండి, దిగండి!" అంది కోటిరత్నం.

దిగి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి మళ్లీ ఎక్కారు. ఏసీ వేయగానే ఈసారి కోటిరత్నమే తుమ్మింది. మళ్లీ దిగారు. మళ్లీ ఎక్కితే ముగ్గురూ ఒకేసారి తుమ్మారు.

పక్కింటి జమీలా గోడ మీంచి చూసి పడీపడీ నవ్వింది. "ఏందక్కా, పెళ్లిచూపులకేనా, మిరపకాయల తొడిమలు తియ్యడానికా? మీ కారులోంచి కల్లం ఘాటొస్తంది!"

నవ్వుతూ అన్నా ఆమె అసలు సంగతే చెప్పింది. ఎవరూ చెవిన పెట్టలేదు. కోటిరత్నం చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించింది. ఏసీ ఆపేసి, అద్దాలు దించుకుని, చెమటలు కక్కుకుంటూ బయల్దేరారు. ముక్కు ముందున్న కారణాన్ని వదిలేసి శకునాల్లో వెతుక్కోవడం మనకు కొత్త కాదు.

మార్టూరులో పిల్ల తండ్రి పూర్ణచంద్రరావుకు గ్రానైటు రాళ్లు పాలిష్ పట్టే యూనిట్ ఉంది. పిల్ల పేరు లక్ష్మీదుర్గ. డిగ్రీ అయ్యాక తండ్రి దగ్గరే ఆఫీసు పని చూసుకుంటోంది. తలదించుకుని కూర్చునే పిల్ల కాదు. మిర్చికి ఈ ఏడు తెగులు ఎట్లా ఉంది, పత్తి ఎందుకు అమ్మలేదు అని ఆమే అడిగింది. చైతన్యకృష్ణ కారు మాట మరిచిపోయి, పొలం మాటలు హాయిగా చెప్పాడు.

"సేద్యమని తెలిసే రమ్మన్నానండీ," అన్నాడు పూర్ణచంద్రరావు. "రాళ్లు కోసేవాడికి మట్టి దున్నేవాడు లోకువవుతాడా?"

ఆ మాట విన్నాక బాపయ్య మొహం విప్పారింది. కోటిరత్నం మాత్రం అనుకుంది, ఇంత సజావుగా పోతోందంటే ఎక్కడో ఏదో కాచుకుని ఉందని.

యూనిట్ కూడా చూసి పోదురుగాని రమ్మని పూర్ణచంద్రరావు పట్టుబట్టాడు. ఆయనదీ పాత విదేశీ కారే. రంగు కాస్త వెలిసింది గాని చప్పుడు లేకుండా కదిలింది. అందులో బాపయ్య ఎక్కాడు. పిల్లలు మాట్లాడుకుంటారని లక్ష్మీదుర్గను చైతన్యకృష్ణ కారులో ముందు కూర్చోబెట్టారు. తోడుగా వెనక కోటిరత్నం.

హైవే మీద వాళ్ల ముందు ఒక లారీ, పెద్ద రాతిదిమ్మెను మోసుకుంటూ నత్తలా పోతోంది. దాన్ని దాటడానికి సందు దొరకలేదు. పైన ఎండ నిప్పులు చెరుగుతోంది. ఉన్నట్టుండి మీటరు మీద ఎర్రటి అక్షరాలు వెలిగాయి. ఇంజను మూత సందుల్లోంచి తెల్లటి ఆవిరి బుస్సున లేచింది.

"పక్కకు తీసి ఆపేయండి!" అంది లక్ష్మీదుర్గ.

కారు రోడ్డంచున ఆగీ ఆగకముందే కోటిరత్నం తలుపు తీసింది. "దిగండి! కారెనక నిలబడబాకండి, గట్టు మీదికి రండి!" అని పిల్లలిద్దరినీ చెయ్యి పట్టి లాక్కుపోయింది. వెనకనుంచి హారన్ కొట్టుకుంటూ ఒక లారీ వాళ్లు దిగిన చోటును రాసుకుంటూ దూసుకుపోయింది. ఆమె భయాలకు నవ్వే కొడుకు ఆ క్షణాన నవ్వలేదు.

వెనకే వస్తున్న పూర్ణచంద్రరావు కారు ఆగింది. బాపయ్య గబగబా దిగి, ఇంజను మూత ఎత్తి, తువ్వాలు చేతికి చుట్టుకుని రేడియేటరు బిరడా మీద చెయ్యి వేశాడు. ట్రాక్టరయితే ఎన్నిసార్లు అట్లా తీయలేదు!

"ముట్టుకోబాకండి బాపయ్యగారూ!" పూర్ణచంద్రరావు ఒక్క ఉదుటున వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "ఇప్పుడు తీస్తే మరిగే నీళ్లు ఎగజిమ్మి కళ్లు పోతాయి. చల్లారేదాకా ఎవరూ దగ్గరికి పోవద్దు."

అందరూ గట్టు మీద తుమ్మచెట్టు నీడన కూర్చున్నారు. లక్ష్మీదుర్గ, తండ్రి కారులోంచి ఎర్ర త్రికోణం తీసుకెళ్లి, వచ్చే బండ్లకు కనబడేట్టు దూరంగా పెట్టి వచ్చింది. ఆవిరి తగ్గాక పూర్ణచంద్రరావు వాళ్ల కారు ముందు వంగి, జాలీలోంచి వేలితో ఒక దూదిపింజ లాగాడు.

"ఇదేంటి బాబూ, కారులో పరుపు కుట్టించారా?"

"పత్తికొట్టంలో పెడతామండి," అన్నాడు చైతన్యకృష్ణ నేల చూస్తూ.

"దానికి గాలెక్కడిది మరి? లోపల నీళ్లేం పోశారు?"

"బోరువి," అన్నాడు బాపయ్య.

కోటిరత్నం భర్త వైపు చూసింది.

"కొనేటప్పుడు ఎవరికి చూపించారు?"

"ఎవరికీ లేదండి."

పూర్ణచంద్రరావు కోపగించుకోలేదు. తన కారు సంగతి చెబుతున్నట్టే చెప్పాడు. "పాతకారు కొనేముందు, అమ్మేవాడి మనిషి కాని మెకానిక్కుకి చూపించాలి బాబూ. పైకెత్తించి కింద చూడాలి, కంప్యూటరు తగిలించి దాని లోపాలు చదివించాలి. కాళ్ల కింద తివాచీ లేపితే వరదలో మునిగిందో లేదో తెలుస్తుంది. టైరు ఏ ఏడాదిదో దాని మీదే ఉంటుంది. సర్వీసు చేయించిన ఆధారం లేకపోతే ఎంత చవగ్గా ఇచ్చినా దండం పెట్టి వచ్చేయాలి."

"ఇన్ని అడిగితే వాడు అమ్ముతాడంటారా?" అన్నాడు బాపయ్య.

"పాలు పితికి చూడనివ్వనంటే గేదెను కొంటారా మీరు?"

రెండు పూటలా తన చేత్తో పితికి చూసుకోందే బాపయ్య ఏనాడూ గేదెను ఇంటికి తోలుకురాలేదు.

"కారు పాతబడితే దాని ధర తగ్గుతుంది గాని ఆకలి తగ్గదు," అన్నాడు పూర్ణచంద్రరావు. "సామాను కొనబోతే కొత్తకారు ధరే. అందుకని పంట చేతికి రాగానే ఎరువులకు తీసిపెట్టినట్టు దీనికీ కొంత తీసి పక్కన పెట్టాలి. పెట్టలేమనుకుంటే కొత్త చిన్నకారే మేలు, అందులో నామోషీ ఏం లేదు. కారుతో వచ్చిన పుస్తకంలో ఏ ఆయిలు రాస్తే అదే పోయాలి. రేడియేటరుకు దానికని అమ్మే కూలెంటు ద్రవం తప్ప బోరునీళ్లు చూపించకూడదు. పత్తి దగ్గరా కల్లం దగ్గరా అసలు పెట్టొద్దు. మిర్చి అయిపోగానే ఏసీ ఫిల్టరు మార్పించేయాలి, లేకపోతే ఆ ఘాటంతా మీ ముక్కుల్లోకే."

"అందుకేనా తుమ్ములు!" అంది కోటిరత్నం గట్టిగా.

"తుమ్ములేంటమ్మా?" అని అడిగింది లక్ష్మీదుర్గ. దిగడం, కాళ్లు కడుక్కోవడం, మళ్లీ ఎక్కడం, అంతా కోటిరత్నం చెప్పేసరికి ఆ పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"అయితే అపశకునం గాదన్నమాట," అంది కోటిరత్నం, బరువు దిగినట్టు.

"శకునమేనమ్మా. కారే చెప్పింది, మనకు అర్థం కాలా," అన్నాడు పూర్ణచంద్రరావు.

నవ్వులు సద్దుమణిగాక లక్ష్మీదుర్గ చైతన్యకృష్ణ వైపు తిరిగింది. ఇప్పుడు ఆమె మొహంలో నవ్వు లేదు.

"ఒక మాట అడుగుతానండీ. మీటరు మీద స్వామి స్టిక్కరు వెనకాల ఏదో దీపం వెలుగుతోంది. ఎక్కగానే చూశాను. అది ఇవాళే వెలిగిందా, ముందునుంచీ ఉందా?"

రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఇంజను చల్లారుతూ టిక్ టిక్ మంటోంది. బాపయ్య కొడుకు వంక చూసి, చూపు తిప్పుకున్నాడు. స్టిక్కరు వెనక దీపమున్న సంగతి ఆయనకూ ఇప్పుడే తెలిసింది.

కోటిరత్నం మనసులో లెక్క వేసుకుంది. 'ఇవాళే' అని ఒక్క మాటంటే సరిపోతుంది. ఎవరూ పట్టుకోలేరు. ఇన్నాళ్లకు కుదరబోతున్న సంబంధం నిలుస్తుంది. నిజం చెబితే ఈ పిల్ల లేచి తండ్రి కారెక్కి వెళ్లిపోవచ్చు. ఆ రెండు భయాలూ ఆమెలో కాసేపు పెనుగులాడాయి. కానీ ఇందాక రాసుకుంటూ పోయిన లారీ గుర్తుకొచ్చింది. అప్పుడామెకు సంబంధం చెడుతుందన్న భయం కన్నా కొడుకు అబద్ధమాడతాడేమోనన్న భయమే పెద్దదైంది. నోరు తెరిచి కొడుక్కి ఏదో చెప్పబోయి, మానుకుంది. ఇది వాడే చెప్పాలి.

పూర్ణచంద్రరావు లాగి పడేసిన దూదిపింజను చైతన్యకృష్ణ తీసుకుని వేళ్ల మధ్య నలిపాడు. లక్ష్మీదుర్గ తొందరపెట్టలేదు. చూపూ తిప్పుకోలేదు.

చివరికి అతను తలెత్తాడు.

"ముందునుంచీ ఉందండి. నడపొద్దని వర్కుషాపువాళ్లు చెప్పారు కూడా. లారీ మీద ఎక్కిస్తే ఊళ్లో నవ్వుతారని నేనే స్టిక్కరు వేశా. ట్రాక్టరు చెడిపోతే నడిబజార్లో విప్పుకుని కూర్చుంటా, ఏనాడూ సిగ్గుపళ్లా. దీని దగ్గరే సిగ్గొచ్చింది. ఇప్పుడే లారీని పిలుస్తానండి, పట్టపగలే ఎక్కిస్తా, చూసేవాళ్లు చూడనీ. పోషించలేని గొప్ప కొనడం ఒక తప్పయితే, దాని జబ్బు దాచిపెట్టడం అంతకన్నా పెద్ద తప్పు. ఆ దీపం అట్టా వెలుగుతుండగానే ముందు సీట్లో మిమ్మల్ని కూర్చోబెట్టా, వెనక మా అమ్మను కూర్చోబెట్టా."