ఓడినవాళ్ళు నోరు తెరవాలి

ఓడినవాళ్ళు గోడకి వీపు ఆనించి, కళ్ళు మూసుకుని, నోరు తెరవాలి. గెలిచినవాళ్ళు ఆ నోట్లోకి నీళ్ళ తుపాకీ పేల్చాలి. అత్తవారింటి పెరట్లో వేసవి సెలవుల యుద్ధానికి అదే చట్టం. చేసింది బావగారు. అంటే చిన్నకోడలి మొగుడికి అన్నగారు. నీళ్ళ మోటార్లు బాగుచేసే దుకాణం ఆయనది. ప్రెషరు అన్న మాట చెవిన పడితే చాలు, పిల్లాడికి మిఠాయి చూపించినట్టే.

ఆ చట్టమంటేనే చిన్నకోడలికి రోత. నిరుడు పైకి నవ్వేసి ఊరుకుంది. ఈ ఏడు ఊరుకునే పరిస్థితి లేదు. కూతురు మిరియం కామెర్లతో ఆసుపత్రి మంచం పట్టి లేచింది ఈమధ్యే. పిల్ల గింజంతే ఉంటుంది, మాట మాత్రం ఘాటు, అందుకే ఆ పేరు. "చెడ్డ నీళ్ళు నోట్లోకి పోనివ్వకమ్మా, మళ్ళీ వస్తే ఈ పిల్ల తట్టుకోలేదు" అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పి పంపింది. అప్పటినుంచీ కాచి చల్లార్చిన నీళ్ళ సీసా తల్లి చంకలోంచి దిగలేదు. యుద్ధానికి పంపనంటే మిరియం ఇల్లు పీకి పందిరేసింది. చివరికి తల్లి, నోరు తెరవనని ఒట్టేయించుకుని వదిలింది.

"ముందు పరీక్ష, తర్వాత యుద్ధం" అన్నారు బావగారు. పెరటి గోడ ముందు ఖాళీ డబ్బాలు వరసగా నిలబెట్టించారు.

మొదటి తుపాకీ సన్నగా, పొడుగ్గా ఉంది. పిడిని ముందుకీ వెనక్కీ లాగి గాలి ఎక్కించాలి. ధార గోడదాకా పోయింది గానీ డబ్బాని తడిపిందే తప్ప కదిలించలేదు.

"ముసలాయన తుమ్మినట్టుంది. పక్కన పెట్టండి!"

రెండోది బ్యాటరీది. మీట నొక్కితే టపటపమని నీళ్ళ ఉండలు విసిరింది. రెండు డబ్బాలు దొర్లాయి. పిల్లలు ఈల వేసేలోగా తొట్టి ఖాళీ.

"ఆర్భాటమే గానీ కడుపులో సరుకు లేదు. అచ్చం మా తమ్ముడే!" అన్నారు బావగారు. తమ్ముడు, అంటే ఆమె భర్త, తనని కాదన్నట్టు అందరితోపాటూ నవ్వాడు.

మూడోదాన్ని కొట్టుగదిలోంచి రెండు చేతులా మోసుకొచ్చారు. దాని పేరు ఏనుగు. బడిసంచీలా వీపుకి తగిలించుకునే తొట్టి, దాన్నుంచి గొట్టం, గొట్టం చివర తుపాకీ. తొట్టి మందపాటి ప్లాస్టిక్కు, లోపలేముందో కనబడదు. బావగారు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని కుదిపారు. గుడగుడమంది.

"విన్నారా? నిరుటి నీళ్ళు! మూత పోతే నేనే గుడ్డ చుట్టి బిరడా బిగించాను. ఏడాదైనా చుక్క కారలేదు. పనితనమంటే అదీ!"

బిరడా పీకితే అదొక్కటే ఊడొచ్చింది. ఆ నీళ్ళలోనే ఇంకొన్ని పోసి, మళ్ళీ బిగించి పేల్చారు. డబ్బాలన్నీ ఒక్క దెబ్బకి ఎగిరిపడ్డాయి. పిల్లలు కేకలు పెట్టారు. గాలికి తుంపర వచ్చి, తువ్వాళ్ళు ఆరేస్తున్న చిన్నకోడలి పెదవి మీద పడింది. గబుక్కున కొంగుతో తుడుచుకుంది. కుళ్ళిన కప్ప వాసన. కాదు, మూసిపెట్టిన మురుగ్గొట్టం వాసన. గోడ వంక చూస్తే, తెల్ల సున్నం మీద నీళ్ళు తగిలినచోట నల్లటి పొరలు అతుక్కుని మెల్లగా కిందికి జారుతున్నాయి. ఆమెకి ఒళ్ళంతా గొంగళిపురుగులు పాకినట్టయింది.

"బావగారూ, ఆ నీళ్ళు కంపు కొడుతున్నాయండీ. ఒకసారి లోపల బ్రష్షు పెట్టి కడిగితే..."

"నీళ్ళకి కంపేంటమ్మాయ్? ప్లాస్టిక్ వాసనది."

"గోడ మీద నల్లగా ఏవో ఉన్నాయి, చూడండి."

"వచ్చారండీ ఎనిమిదో తరగతి డాక్టరుగారు! కళ్ళజోడు తెచ్చివ్వండిరా!"

పెరడంతా గొల్లుమంది. "నా పిల్లలు మట్టి తిని పెరిగారు. నువ్వు మరీ పిల్లని గాజుబొమ్మని చేస్తున్నావే" అంది అత్తగారు. భర్త కూడా నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి తొట్టి నీళ్ళకంటే ఎక్కువ కంపు కొట్టింది.

యుద్ధం మొదలైంది. ఏనుగు బావగారి కొడుకు గుండుగాడి వీపు మీదికి ఎక్కింది. మిరియం చేతికి ముసలాయన తుమ్ము దొరికింది. ఇంకేముంది? గుండుగాడు పిల్లల్నందర్నీ మూలకి తరిమాడు. మిరియం జామచెట్టు చాటున కాసేపు బాగానే నిలబడింది గానీ, చివరికి తొట్టి ఖాళీ అయి దొరికిపోయింది.

"ఓడింది! మిరియం ఓడింది!"

చిన్నకోడలు తల తిప్పి చూసేసరికి పిల్ల అప్పటికే గోడకి ఆనుకుని ఉంది. ఒట్టు ఎటు పోయిందో! కళ్ళు గట్టిగా మూసుకుని నోరు బార్లా తెరిచింది. ముందు పళ్ళు ఊడిన సందులోంచి గులాబీ రంగు నాలుక కనిపిస్తోంది. భయం లేదు, పైగా అదేదో బహుమతి అందుకుంటున్నట్టు గడ్డం ఎత్తి నిలబడింది.

తువ్వాలు నేలపాలైంది. తల్లి పరుగున వచ్చి తుపాకీకీ కూతురికీ మధ్య నిలబడింది.

"పక్కకి రామ్మా, ఆట చెడగొట్టకు" అన్నారు బావగారు. "ఆ నీళ్ళకేం కాలేదని చెప్తున్నానా?"

"ఏం కాకపోతే ముందు మీరు తాగండి బావగారూ."

"ఏయ్, అన్నయ్యతో ఏంటా మాటలు?" అని భర్త గొణిగాడు. బావగారు మాత్రం మీసం దువ్వుకున్నారు.

"ఓస్, ఇంతేనా? నువ్వే కొట్టు!"

గోడకి ఆనుకుని నోరు తెరిచారు. ఆమె గుండుగాడి చేతిలోంచి తుపాకీ తీసుకుని మీట నొక్కింది. ధార నేరుగా గొంతులోకి పోయింది. ఒక్క క్షణం ఆయన ముఖం కాకరకాయ కొరికినట్టయింది. అంతలోనే సర్దుకుని, పుక్కిలించి, అందరికీ వినబడేలా గుటక వేశారు. పళ్ళు బయటపెట్టి నవ్వారు. పైపంటి మీద నల్లటి పొరముక్క ఒకటి అంటుకుని ఉంది.

"అమృతం!"

ఆమె మొహం తిప్పుకుంది. మింగినందుకు కాదు, మింగి నవ్వినందుకు.

"నాకు! పెదనాన్నా, నాకు!" "ముందు నాకు!" పిల్లలంతా ఎగబడి గోడ పొడుగునా నిలబడ్డారు. వరసగా తెరిచిన నోళ్ళు. అందరికంటే ముందు మిరియం. బావగారి చేత తాగించి పిల్లలకి దారి చూపింది తల్లే. తన తెలివిని తనే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

ఆమె గుండుగాడి భుజాల మీంచి తొట్టిని లాగి, బట్టలుతికే బండ మీద బలంకొద్దీ వేసి కొట్టింది. ఒక దెబ్బకి బీట పడింది. రెండో దెబ్బకి విచ్చుకుంది.

లోపలిది బయటికి రావడానికి తొందరపడలేదు. ముందు నల్లటి జిగురు సాగింది, చీమిడిలా. దాని వెనక, ఆకుపచ్చ బూజు పట్టి నానిపోయిన గుడ్డ ముద్ద ఒకటి ఉబ్బిన నాలుకలా జారి బండ మీద పడింది. అందులో సన్నటి ఎర్ర పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. పిల్లల నోళ్ళు వాటంతటవే మూతపడ్డాయి.

అత్తగారు ముక్కు మూసుకుని వంగి చూసింది. "ఒరేయ్, ఇది నీ పాత బనీను కదరా! నిరుడు కుక్క పుండుకి మందు రాయడానికి చింపావే, ఆ ముక్క!"

బావగారు ఏదో అనబోయారు. మాటకి బదులు వేరేది వచ్చింది. గోడ పట్టుకుని జామచెట్టు మొదట్లో కక్కుకున్నారు. కక్కినకొద్దీ ఇంకా వచ్చింది. గుండుగాడు ఏడుపు లంకించుకున్నాడు. భర్త నీళ్ళ చెంబు పట్టుకుని అటూ ఇటూ తిరిగాడు, ఎవరికివ్వాలో తెలియక.

"అంత బంగారంలాంటి బొమ్మని పగలగొట్టకపోతే, నోటితో చెప్పొచ్చు కదే అమ్మాయ్!" అంది అత్తగారు.

చిన్నకోడలు మిరియం రెక్క పట్టుకుని పంపు దగ్గరికి తీసుకుపోయి సీసా మూత విప్పింది.

"యుద్ధంలో నోట్లోకేమైనా పోయిందా? పుక్కిలించు."

మిరియం పెదాలు బిగించేసింది. కళ్ళనిండా నీళ్ళు. "నేను భయపడలేదు. నువ్వే భయపడ్డావు. గుండన్నయ్య నన్ను రేపట్నుంచి పిరికిదనే అంటాడు."

"అననీ. ఆ నోరు తెరువు."

"తెరవను!"

"ఎవడి తుపాకీకో బార్లా తెరుస్తావు, నాకు తెరవవూ?"

పిల్ల కాసేపు మొండికేసింది. తర్వాత సీసా లాక్కుని, నోటినిండా పోసుకుని, కోపమంతా కలిపి గచ్చు మీదికి ఉమ్మింది. చిన్నకోడలు మోకాళ్ళ మీద కూర్చుని, ముఖం గచ్చుకి ఆనేంత దగ్గరగా వంగింది. నురుగు. బుడగలు. వేలితో పక్కకి జరిపి మళ్ళీ చూసింది. నలుపు లేదు, పచ్చ లేదు.

"ఇంకోసారి ఉమ్ము తల్లీ."

"ఛీ! అమ్మా! ఉమ్మి చూస్తావేంటే, అసహ్యంగా!"

"ఉమ్ము" అంది ఆమె, తల ఎత్తకుండా.