టెంపరెన్స్ దున్నిన నేల

స్కూలు బస్సు నడిపి రిటైరైన లోర్నాకు ముత్తాత ఎలైహూ సమాధి ఎక్కడుందో తేల్చాలని పట్టుదల పుట్టింది. నెబ్రాస్కా గడ్డిమైదానంలో తమ నేలను మొదట దున్నింది ఆయనేననీ, తప్పిపోయిన ఆవును వెతుకుతూ మంచుతుఫానులో చనిపోయాడనీ అన్న వెండెల్ ఊరందరికీ చెబుతుంటాడు. చర్చి పుస్తకాల్లో ఆ చావు లేదు. మూడు కౌంటీల శ్మశానాలు తిరిగినా రాయి కనబడలేదు. ముత్తాత భార్యకు మాత్రం చర్చి పక్కన చిన్న రాయి ఉంది. దానిమీద 'ఎలైహూ భార్య' అని తప్ప పేరు లేదు.

లోర్నా ఊరుకోలేదు. ఆ నేలకు ప్రభుత్వం పట్టా ఇచ్చిన కాగితాల కోసం వాషింగ్టన్‌లోని పాత దస్తావేజుల కార్యాలయానికి రాసింది. నాలుగు నెలలకు నకళ్లు వచ్చాయి. 1879లో ముత్తాత భార్య టెంపరెన్స్ పట్టా కోసం ప్రమాణం చేసి చెప్పిన మాటలు వాటిలో ఉన్నాయి.

'ఈ నేలకొచ్చిన రెండో ఏడు విత్తనాలు తెస్తానని నా భర్త గుర్రమెక్కి వెళ్లాడు. తిరిగి రాలేదు. ఇరవై రెండెకరాలు నేనే దున్నాను. ఇద్దరు పిల్లలు.'

కింద సంతకం బదులు ఇంటూ గుర్తు ఉంది.

లోర్నా తిన్నగా అన్న ఇంటికి వెళ్లి కాగితాలు బల్లమీద పెట్టింది. "అన్నయ్యా, ముత్తాత చచ్చిపోలేదు. వెళ్లిపోయాడు."

వెండెల్ రెండుసార్లు చదివాడు. "ఇది బయటపెడితే ఊళ్లో నా మొహం ఏం కావాలి?"

"అరవై ఏళ్లు ఆ ఆవు కోసం మమ్మల్ని ఏడిపించావుగా. ఇప్పుడు నువ్వు కాస్త పడు."

"నేను కల్పించానా? తాతయ్య చెప్పాడు."

"ఆయన వెళ్లేనాటికి తాతయ్యకు నాలుగేళ్లు. మరి తాతయ్యకెవరు చెప్పారు?"

వెండెల్ కాగితంమీది ఇంటూ గుర్తుపై వేలు పెట్టాడు. "వాళ్లమ్మే అయ్యుంటుంది," అన్నాడు. "నాన్న వదిలేశాడని పసివాళ్లకెలా చెబుతుంది?"

"ఆ పిల్లలిద్దరూ పోయి ఎన్నేళ్లయింది. ఇంక ఎవరి కోసం దాస్తాం? రాయిమీద ఆమె పేరు చెక్కిస్తాను. నువ్వొచ్చినా రాకపోయినా."

వెండెల్ వచ్చాడు. రాళ్లు చెక్కే మనిషి 'ఎలైహూ భార్య' అన్న ముక్క చెరిపేయమంటారా అని అడిగాడు. లోర్నా నోరు తెరిచేలోపే వెండెల్ అన్నాడు:

"అదలా ఉండనీ. ఆయన లేకపోయినా భార్యగానే ఉందిగా. దాని కింద ఆమె పేరు పెద్దక్షరాల్లో రాయి. ఈ నేల దున్నింది తనేనని కూడా."

తర్వాతి ఆదివారం చర్చిలో కాఫీ తాగుతూ వెండెల్ ఆ సంగతి తనే చెప్పాడు. మధ్యలో ఎవరో కిసుక్కున నవ్వారు. అతను చెవులు ఎర్రబడ్డా ఆపకుండా, ఆమె ఇంటూ గుర్తు పెట్టిన కాగితం దాకా చెప్పుకుపోయాడు.