పెదవుల మీది పాఠం

పోగు తెగింది. సాంచా ఆగింది. రాజలింగం వంగి తెగిన కొసలు రెండూ వెతికి పట్టుకున్నాడు. అలవాటు కొద్దీ ఉమ్మితో తడి చేయబోతే మాస్కు అడ్డం వచ్చింది. వేళ్ళతోనే నలిపి, ముడి వేసి, పిడి లాగాడు. పోగును మోసే నాడె మళ్ళీ అటూ ఇటూ పరుగందుకుంది. దానితో పాటు అతని నోరూ మొదలైంది.

“సమ్ రైస్! ఎ లిటిల్ సాల్ట్! ఎ గ్లాస్ ఆఫ్ వాటర్!”

గొంతు చించుకుని అరుస్తున్నాడు. రాష్ట్రం కాని రాష్ట్రంలో, భేస్తాన్‌లోని ఆ రేకుల కార్ఖానాలో సాంచాలనే ఆ మరమగ్గాలన్నీ ఒక్కసారి ఆడుతుంటే ఎవడు ఎంత అరిచినా పక్కవాడికి వినబడదు. అందుకే అతనికి అక్కడొక్కచోటే నోరు లేస్తుంది. బయట ఆ మాటలే గొంతు దాటవు. ఏడో తరగతిలో ఇంగ్లీషు సారు నిలబెట్టి చదవమన్ననాడు ఏదో అడ్డం పడింది, నలభై ఏళ్ళు దగ్గరికొచ్చినా దిగలేదు. కూలి పెంచమని అడిగేందుకు అందరూ శేఠ్ దగ్గరికి పోతే అతను ఆఖరున, తలుపు పక్కన నిలబడ్డాడు. పెళ్ళిచూపుల్లో కూడా మేనమామే మాట్లాడాడు.

సన్నటి మనిషి. కనుబొమల మీద, చెవుల వెంట్రుకల మీద నూలు ధూళి పేరుకుని దూరం నుంచి ముసలివాడిలా కనిపిస్తాడు. కుడి బొటనవేలి గోటికి పోగు కోసిన గాడి. ఇంటి దగ్గర భార్య కరుణ బీడీలు చుడుతూ బిడ్డను సాకుతోంది. ఇంకొన్నేళ్ళు ఈ ధూళి మింగితే ఊపిరితిత్తులు నీవి కావని డాక్టరు చెప్పాక, మస్కట్‌లో ఒక హోటలు వంటింట్లో పని ఉందని జగిత్యాల ఏజెంటు కబురు తెచ్చాడు. ఫోన్లో నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడితే చాలు. ఆ ఫోను ఈ సాయంత్రమే.

నడవకు అవతలి సాంచా మార్కండేయది. యాభై దాటినవాడు. ఒకప్పుడు సిరిసిల్ల పక్క ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పేవాడు. బడి మూతపడితే మగ్గానికొచ్చాడు. ఈ రొదలో మనుషులు మాట్లాడుకునేది పెదవులతోనే. చెవులతో పనిలేదు, ఎదుటివాడి మూతి చూస్తే చాలు. అట్లా చూసే రాజలింగం ఇన్ని నెలలుగా ఇంగ్లీషు నేర్చుకుంటున్నాడు. మార్కండేయ ప్రతిసారీ మాస్కును గదమ కిందికి లాగి, ఒక్కో మాటనూ పెదవుల మీద పరిచి చూపించాలి.

ఈ రోజు అతను మాస్కు లాగినప్పుడల్లా రాజలింగం తన మాస్కును ముక్కు మీదికి ఇంకా లాక్కున్నాడు.

నిన్న రాత్రి ఇద్దరూ ఉండే కోలిలో, ఆ ఇరుకు అద్దెగదిలో, పక్క చాప నుంచి వేడి తగిలింది. పొయ్యి పక్కన పడుకున్నట్టుంది. చెయ్యి వేసి చూడబోతే మార్కండేయ మణికట్టు పట్టుకున్నాడు.

“ఎవ్వలకు జెప్పకు తమ్మీ. నీ బిడ్డ మీద ఒట్టు. మొన్న పక్క కోలిల లస్మయ్యను బండెక్కిచ్చిండ్రు. ఏడి, వచ్చిండా? నన్ను గా బండి ఎక్కియ్యకు.”

కరోనా రెండో విడత వచ్చిన ఆ ఏప్రిల్‌లో సైరన్ వినబడని గంట లేదు. కర్ఫ్యూ అని శేఠ్ రాత్రి పాళీ ఆపేశాక ఊరి చప్పుడంతా ఆ బండ్లదే అయింది. రాజలింగం మళ్ళీ పడుకున్నాడు. ముఖం గోడ వైపు తిప్పుకుని, తన ఊపిరి తనే వింటూ, గొంతు నొప్పిగా ఉందా లేదా అని మాటిమాటికీ గుటక మింగి చూసుకున్నాడు.

మధ్యాహ్నం ఇద్దరూ సగం పూటకు సెలవు అడిగి, తమ కోలి పైఅంతస్తులోని వెంకటవ్వ మెస్సుకు వచ్చారు. ఆమె గంటె పట్టుకుని నిలబడింది.

“ఏందిరా రాజలింగం, ఇయ్యాల నీకు పరీచ్చనట గద? పప్పు తెలుగుల పొయ్యాల్నా, ఇంగ్లీషుల పొయ్యాల్నా?”

“ఎట్లనన్న పొయ్యి అవ్వా, జర చిక్కగ పొయ్యి,” అన్నాడు మార్కండేయ. తర్వాత రాజలింగం వైపు తిరిగి, “యాదికున్నదా? నీళ్ళు, పాలు మనకు శానా. ఇంగ్లీషోనికి అన్నీ కలిపి ఒక్కటే. లెక్కవెట్టొద్దు. వాటర్స్ అన్నవా, పనివాయె.”

“మరి నూలు సంగతేందన్నా?”

“అదీ లెక్కకు రాదు.”

“పోగులు లెక్కవెట్టకుంటే మనకు అన్నమెట్ల?”

“అన్నం గూడ లెక్కకు రాదు తియ్.”

నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు ఆగలేదు. వెంకటవ్వ గంటె కుండలో పెట్టేసి రెండడుగులు వెనక్కి వేసింది.

“గా దగ్గేంది మార్కండేయా?”

“దుమ్మవ్వా. ఇన్నేండ్ల దుమ్ము.”

“నిజమేనార?” అంది రాజలింగాన్ని చూసి.

రాజలింగం పళ్ళెంలోకి చూశాడు. అన్నం మెతుకులు ముద్దగా అతుక్కుని ఉన్నాయి. ఔనన్నట్టు తల ఊపాడు. పక్క పళ్ళెంలో అన్నం అట్లాగే ఉంది. మార్కండేయ కలిపాడే గాని ఒక్క ముద్దా నోట పెట్టలేదు.

నాలుగింటికి కోలి మెట్ల మీద కూర్చున్నారు. కార్ఖానా రొద ఇక్కడికి రాదు. ఆ నిశ్శబ్దంలో రాజలింగం ఫోనును ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంటున్నాడు. స్నానం చేసి, బడి నాటి తెల్లచొక్కా తొడుక్కున్న మార్కండేయ రెండు మెట్లు కింద, ఎదురుగా గోడకు ఆనుకుని మాస్కు దించాడు. “నా మూతి సూడు. నేనన్నది అను. అంతే,” అన్నాడు గుసగుసగా.

ఫోను మోగింది. అవతల ముంబై గొంతు. ముందు పేరు అడిగింది. తర్వాత చాయ్ చేయడానికి ఏమేం కావాలో చెప్పమంది.

రాజలింగం మార్కండేయ మూతి వైపు చూశాడు. ఎదురుగా పెదవులు కదిలాయి. సమ్ వాటర్, సర్.

“సమ్ వాటర్, సర్.”

సమ్ మిల్క్. ఎ లిటిల్ షుగర్.

“సమ్ మిల్క్. ఎ లిటిల్ షుగర్.”

గుడ్, అంది ఆ గొంతు. రాజలింగానికి తన చెవుల మీద నమ్మకం కలగలేదు. మార్కండేయ కళ్ళు మెరిశాయి. ఇంకో ప్రశ్న వచ్చింది, వందమందికి వండాలంటే సామాను ఏమేం అడుగుతావని. పెదవులు ‘ఎ బ్యాగ్ ఆఫ్’ వరకు వచ్చి తెరుచుకున్నాయి. రాజలింగం మాట కోసం రెప్ప వేయకుండా చూశాడు. మాట రాలేదు. ఆ నోరు గాలి కోసం తెరుచుకుంది. అప్పుడు చూశాడు, నెలల తరబడి తను అక్షరాలే చూసిన ఆ పెదవుల రంగును. నేరేడు పండ్లు తిన్నట్టు నల్లగా, నీలంగా ఉన్నాయి. మోకాలి మీద పెట్టుకున్న చేతి గోళ్ళూ అట్లాగే ఉన్నాయి.

“హలో? టెల్ మీ,” అంటోంది ఫోను.

మార్కండేయ తల అడ్డంగా ఊపాడు. పెదవులు మళ్ళీ కూడబలుక్కున్నాయి. ఈసారి తెలుగులో: పెట్టెయ్యకు. జరంతనే ఉన్నది. చెప్పు.

రాజలింగం ఫోను కట్ చేశాడు. నూట ఎనిమిది నొక్కాడు.

“పేషెంట్ హై! సాంస్ నహీ ఆ రహా! భేస్తాన్, రాజలింగం బోల్‌రా! జల్దీ ఆవో!” ఆ వెంటనే పైకి తిరిగి, “అవ్వా! ఓ వెంకటవ్వా! అన్నకు దమ్మాడ్తలేదే!”

కోలిల తలుపులన్నీ తెరుచుకున్నాయి. వెంకటవ్వ ఉరికివచ్చి, కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, “నిజమేనార అని అడుగుతి గదరా!” అంది. రాజలింగం తల దించుకోలేదు. ఒక్క ఉదుటున రెండు మెట్లు దిగి మార్కండేయను వెనక నుంచి ఎత్తి పట్టుకున్నాడు. వేడి మెడకు, చెంపకు తగులుతున్నా వదల్లేదు.

తెల్ల ప్లాస్టిక్ తొడుగుల మనుషులు వచ్చారు. మార్కండేయ తనంత తానే లేచి, ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగాడు. బండి తలుపు దగ్గర వెనక్కి తిరిగాడు. కోపగిస్తాడనుకున్నాడు రాజలింగం.

“గింత గొంతు... ఇన్నేండ్లు ఏడ దాచినవ్ తమ్మీ?”

తలుపు పడింది.

గంట తిరక్కముందే ఫోను వచ్చింది. వార్డు దాకా పోలేదట. ఆసుపత్రి గేటు బయట, బండ్ల వరసలో ఉండగానే అయిపోయిందట. నువ్వు ఏమవుతావని అడిగితే, “తమ్ముణ్ణి,” అన్నాడు, అటువైపు వాళ్ళకు తెలుగు రాదని మరిచిపోయి.

కార్పొరేషన్ వాళ్ళు గదిలో మందు చల్లడానికి వస్తారని, అందాకా లోపలికి పోవద్దని వెంకటవ్వ చెప్పింది. రాజలింగం వరండాలో గోడవార చతికిలబడ్డాడు. ఎదురుగా దండెం మీద, స్నానం చేసి మార్కండేయ ఉతుక్కున్న నీలం గళ్ళ లుంగీ వేలాడుతోంది. పిండే సత్తువ లేక అట్లాగే ఆరేసినట్టున్నాడు; దాని అంచు నుంచి నీళ్ళు ఇంకా బండల మీద పడుతూనే ఉన్నాయి.