పక్క తొట్టి చేపలు

పీహెచ్‌డీ పూర్తయిన కొత్తలో ఆ అమ్మాయి ఒక ల్యాబ్‌లో పరిశోధన ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళింది. విషాల ప్రభావం తరాల మీద ఎలా ఉంటుందో చూసే ల్యాబ్ అది. అక్కడి పెద్ద సైంటిస్టు మేడమ్ కుర్చీ కూడా చూపించకుండా నేరుగా చేపల గదికి తీసుకెళ్ళింది.

"చూడమ్మా, ఎడమ తొట్టి చేపల అమ్మమ్మలకి పురుగుమందు తగిలింది. వీటికి చుక్క కూడా తగల్లేదు. అయినా నీడ పడితే చాలు, హడలిపోతాయి. జన్యువులు మారలేదు, వాటి మీద ఏవో గుర్తులు పడ్డాయని మా అనుమానం. కుడి తొట్టివి మందు ఎరగని వంశం. కానీ ఈమధ్య అవీ బెదురుతున్నాయి. ఎందుకో అంతుపట్టడం లేదు."

ఆ అమ్మాయి ఎడమ తొట్టి మీదకి చెయ్యి చాపింది. చేపలు చెల్లాచెదురయ్యాయి. నీడ పడకపోయినా కుడివైపువీ మూలకి పరిగెత్తాయి.

"తొట్లు ఇలా పక్కపక్కన ఎప్పుడు పెట్టారు మేడమ్?"

"గది మారినప్పుడు. ఈమధ్యే."

ఆ అమ్మాయి తన ఫైలు అట్టని రెండు తొట్ల మధ్య నిలబెట్టి, మళ్ళీ చెయ్యి చాపింది. ఈసారి కుడివైపు చేపలు నింపాదిగా తిరిగాయి.

"పొరుగువాళ్ళని చూసి భయపడుతున్నాయా!" మేడమ్ పకపకా నవ్వింది.

"మరి ఈ చూసి నేర్చుకున్న భయం వీటి పిల్లలకీ వస్తుందా మేడమ్?"

"సోమవారం వచ్చి చేరు. నువ్వే కనుక్కో."

బయటికి రాగానే అమ్మ ఫోన్ చేసింది. "ఉద్యోగం వచ్చిందా?"

"వచ్చింది గానీ అమ్మా, ముందు ఆ చేపల సంగతి విను."