గడ్డి పెళ్లలు నేర్పిన వంపు

పదకొండేళ్లుగా ఈ గోల్ఫ్ మైదానంలో గడ్డి కోస్తున్నాను. ఆటగాళ్ల కర్ర తగిలి లేచిపోయిన గడ్డి పెళ్లల్ని మళ్లీ గుంటల్లో సర్ది తొక్కడం కూడా నా పనే. ఆ గుంటలే నా బడి. గుంట ఎటు సాగి ఉందో చూస్తే కర్ర ఎటు ఊగిందో తెలిసిపోతుంది. కర్ర ఊగే దారి ఒకటి, బంతికి తగిలే దాని ముఖం చూసే దిక్కు ఒకటి. ఆ రెంటికీ ఎంత తేడా ఉంటే బంతి అంత వంగుతుంది. సాయంత్రాలు అందరూ వెళ్లాక, బంతి చేరాల్సిన చోట పాతిన జెండా వైపు కొట్టి కొట్టి ఆ విద్య ఒంటబట్టించుకున్నాను.

ఆట నేర్పే శిక్షకురాలు కావాలని క్లబ్బువాళ్లు నోటీసు పెట్టగానే దరఖాస్తు పడేశాను. అక్కడే పంపు నడిపే మా బావ పగలబడి నవ్వాడు.

"ఏం మరదలా, కళ్లు నెత్తికెక్కాయా?"

"ఎక్కాయి బావా. అక్కణ్నుంచి జెండా ఇంకా బాగా కనబడుతోంది."

పరీక్ష పెట్టింది పెద్ద కోచ్. క్లబ్బు కార్యదర్శి కాగితాలు పట్టుకుని పక్కనే నిలబడింది. బావ కూడా తమాషా చూడ్డానికి వచ్చాడు. కోచ్ కావాలనే బంతిని చెట్టు వెనక పెట్టించాడు.

"మూడు బంతులూ జెండా దగ్గర పడాలి. చేతకాకపోతే ఇప్పుడే చెప్పమ్మా, అందరికీ టైం కలిసొస్తుంది."

నాకు ఒళ్లు మండింది. మొదటి బంతిని చెట్టుకి ఎడమగా పంపి కుడికి తిప్పాను. జెండాకి నాలుగడుగుల్లో ఆగింది.

"గుడ్డి దెబ్బ," అన్నాడు.

రెండోది కుడిగా పంపి ఎడమకి తిప్పాను. అదీ అక్కడే పడింది.

"వంకర దెబ్బలు నేర్పేవాళ్లు మాకొద్దు. తిన్నగా కొట్టడం వచ్చా?"

చెట్టు మీదుగా తిన్నగా కొట్టాను. బంతి జెండా కర్రకి తగిలి ఆగింది. కార్యదర్శి కలం తీసింది.

"ఆగండి మేడం! గడ్డి కోసే మనిషి దగ్గర ఎవరు నేర్చుకుంటారు?" అన్నాడు కోచ్.

ఇక ఊరుకోలేదు.

"పొద్దున మీరు చేసిన గుంటలు ఇరవై పూడ్చాను సార్. జెండా ఇటుంటే, ఇరవయ్యీ ఎడమన మా బావ పంపు షెడ్డు వైపే చూస్తున్నాయి. కర్ర అటు లాగుతున్నారు కాబట్టే ఇన్నేళ్లుగా మీ బంతి కుడికి పారిపోతోంది. రేపు ఆరింటికి రండి, మొదటి పాఠం మీకే."

కార్యదర్శి నవ్వాపుకుంటూ సంతకం పెట్టేసింది. నేను గడ్డి మిషను తాళంచెవి తీసి, నోరెళ్లబెట్టిన బావ చేతిలో పెట్టాను.