పన్నెండో ఫ్లాపీ

మా అమ్మాయి ఆఫీసు నుంచి, పాత ఫ్లాపీలు చదివే అరచేతిలో పట్టేంత డ్రైవు తెచ్చింది. మా ఆయన టైపింగు సెంటర్లో మిగిలిన పన్నెండు ఫ్లాపీలను పద్నాలుగేళ్లుగా బిస్కెట్ల డబ్బాలో, పాత చీర ముక్కలో చుట్టి దాచాను. ఎండ తగలనివ్వలేదు, చెమ్మ తగలనివ్వలేదు. అయస్కాంతం దగ్గరికొస్తే చెరిగిపోతాయని ఆయన ఒకసారి అన్నారని, ఫ్రిజ్జు తలుపుకు అంటించే బొమ్మలు కూడా ఇంట్లోకి రానివ్వలేదు.

"ఏముంటాయమ్మా వీటిలో? ఎవరెవరివో అర్జీలు, అద్దె కాగితాలు" అంది అమ్మాయి.

"ఒకదాంట్లో నాకు రాసింది ఉంది."

అప్పట్లో మా అక్కకు ఆపరేషనైతే నాలుగు రోజులు సాయం వెళ్లాను. చివరి రోజు మధ్యాహ్నం ఆయన ఫోన్ చేసి, "నీకోసం ఒకటి టైపు కొడుతున్నాను, వచ్చాక చూపిస్తా" అన్నారు. "ఒంట్లో బాగాలేదా? నా దగ్గర ఏమైనా దాస్తున్నారా?" అన్నాను. "నీకు మంచి మాట చెప్పినా చెడ్డ కబురు తంతి వచ్చినట్టే వినబడుతుంది" అని నవ్వారు. ఆ సాయంత్రమే షట్టరు దించుతూ కుప్పకూలారు. నేను వచ్చేసరికి అడగడానికి మనిషి లేడు. పోతానని తెలిసే రాశారేమో, అది వీడ్కోలేమోనన్న భయంతో ఇన్నేళ్లూ ఆ డబ్బా ఎవరికీ ఇవ్వలేదు.

అమ్మాయి ఒక్కొక్కటీ డ్రైవులో పెట్టి కంప్యూటర్లోకి ఎక్కిస్తోంది. నాలుగోది గరగరమని ఆగిపోయింది.

"పోయిందా?"

"నువ్వు ఊపిరి బిగబట్టినంత మాత్రాన అది చదవదమ్మా. కాస్త కూర్చో."

తీసి మళ్లీ పెట్టింది. ఈసారి చదివింది. అలా పదకొండూ అయ్యాయి. అర్జీలు, పెళ్లి పత్రికలు, ఎవరిదో రాజీనామా. నాకు రాసింది లేదు. పన్నెండోది చేతిలోకి తీసుకుని అమ్మాయి తిప్పి చూసింది.

"వింతగా ఉందే. అన్నిటికీ ఈ మూల చిన్న కిటికీ తెరిచి ఉంది, దీనికొక్కదానికే మూసుంది."

వంగి చూశాను, నిజమే. ఆ కిటికీ తెరిస్తే ఫ్లాపీలో ఏదీ రాయడానికి, చెరపడానికి వీలుండదు. ఆయనే నేర్పారు. తెరిస్తే తాళం పడడమేమిటని నవ్వుకున్నాను గానీ, ఆనాటి నుంచి రోజూ సాయంత్రం సెంటరుకు వెళ్లి అన్నిటి కిటికీలూ తెరిచి వచ్చేదాన్ని. పొద్దున్నే ఆయన విసుక్కుంటూ కావలసినవి మూసుకునేవారు. నాకు తాళాలమ్మ అని పేరు కూడా పెట్టారు. ఆ నాలుగు రోజులూ తాళం వేయడానికి నేను లేను, ఆయన రాయడానికి మూసింది మూసినట్టే ఉండిపోయింది.

"అదేనే. ఆయన చివరిగా పట్టుకున్నది అదే."

"అయితే ముందు దీనికీ తాళం వేసేద్దాం, పొరపాటున కూడా చెరగదు" అని అమ్మాయి గోరు పెట్టింది.

"వద్దు. అది ఆయన వేలు జరిపిన చోటు. అలాగే ఉండనీ."

"గ్యాసు మూడుసార్లు చూసొచ్చే మనిషివి, నువ్వేనా ఈ మాట అంటున్నది?"

అంటూనే అలాగే డ్రైవులో పెట్టింది. డ్రైవు చాలాసేపు గొణిగింది. ఒకే ఒక్క ఫైలు వచ్చింది. అమ్మాయి దాన్ని కంప్యూటర్లో భద్రం చేశాకే తెరిచింది.

*తాళాలమ్మకు కంప్యూటరు పాఠం.*

*ఒకటి. తడి చేత్తో స్విచ్చు ముట్టుకోకు. ఇది నువ్వే నాకు చెబుతావనుకో.*

*రెండు. తెర వెలిగేటప్పుడు టక్కుమంటుంది. పేలదు.*

*మూడు. ఏ మీట నొక్కినా ఎవరికీ ఏమీ కాదు. నా మాట నమ్ము.*

జబ్బు మాట లేదు. వీడ్కోలు లేదు. ఆరు దాకా ఇలాగే, నా భయాలన్నీ వరసగా కూర్చోబెట్టి బుజ్జగించారు.

*ఏడు. ఇప్పుడు నీ పేరు కొట్టు. తాళాలమ్మ అని కాదు, మీ నాన్న పెట్టింది. తొందర లేదు, నేను పక్కనే ఉంటాను.*

దాని కింద ఖాళీ. గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది.

అమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడింది. నేను చేతులు కొంగుకు రెండుసార్లు తుడుచుకుని కూర్చున్నాను. నా పేరులో మూడే అక్షరాలు. వెతగ్గా వెతగ్గా రెండు దొరికాయి. మూడోది ఎక్కడుందని అడగబోయి, అలవాటుగా పక్కకు తిరిగాను.