రెండు వేళ్ల మీద విమానం

సంతపేటలో రేడియోలు బాగుచేసే దావీదుకు కోపం ముక్కు మీదే ఉండేది. ఎంతటి పెద్దమనిషి రేడియో అయినా సరే, ఇంట్లో ఎవరో విప్పి కెలికి తెచ్చినారని తెలిస్తే చాలు, నాలుగు మాటలు అనిగానీ తీసుకునేవాడు కాదు. "పాడైతే తేవాల గానీ, మీరు వేలు పెట్టడమేంది?" అనేవాడు. అట్లాంటి మనిషి, తన సొంత పనిలోనే ఒకరు వేలు పెడితే నోరు మూసుకున్నాడు. ఎందుకు మూసుకున్నాడో చెప్తాను వినండి.

దావీదుకు ఒక్కడే కొడుకు, ఆనందబాబు. పాలిటెక్నిక్ రెండో ఏడు చదువుతుండగా మంచం పట్టినాడు. చిన్నప్పుడు వచ్చిన కీళ్ల జ్వరం గుండెను పాడుచేసిందని డాక్టరమ్మ చెప్పింది. మద్రాసు తీసుకుపోయినా చేసేదేమీ లేదని కూడా ఆమే చెప్పింది, తల ఎత్తకుండా. అరవై ఏడో సంవత్సరం మాట ఇది.

మంచం మీద నుంచే వాడు ఒక విమానం చెయ్యడం మొదలుపెట్టినాడు. ఉత్త ఆటబొమ్మ కాదు. కింద కూర్చొని చేతిలో ఉండే పెట్టె మీద బటన్ నొక్కితే, పైన తోక తిప్పుకొని మలుపు తిరిగే విమానం. బారెడు రెక్కలు. మామూలుగా వీటికి నూనెతో నడిచే చిన్న ఇంజను పెడతారు. ఆ పొగ వీడి రొమ్ముకు పడదు, ఒక్కసారి పీలిస్తే దగ్గు తెర ఆగదు. అందుకని కరెంటు మోటారు పెడతానన్నాడు. దావీదు మద్రాసు పోయి, మూర్ మార్కెట్టులో పాత మిలిటరీ సామాను గుట్టలన్నీ గాలించి, చిన్న చిన్న బ్యాటరీలూ ఒక మోటారూ తెచ్చినాడు. రేడియో పని తండ్రిది, కట్టె పని కొడుకుది.

చిక్కంతా బరువుతోనే. బ్యాటరీలేమో బరువు, మోటారుకేమో బలం తక్కువ. ఆనందబాబు బెండులాంటి బాల్సా కట్టెను బ్లేడుతో గీకీ గీకీ, గరుకు కాగితంతో రుద్దీ రుద్దీ అప్పడమంత పలచన చేసినాడు. ఎదురింటి కంసాలి త్రాసు తెప్పించుకొని ముక్క ముక్కా తూచినాడు. అంతా అయినాక రెక్కల అడుగున పెన్సిలుతో రెండు చుక్కలు పెట్టినాడు.

"ఈ చుక్కల కింద రెండు వేళ్లు పెట్టి ఎత్తితే సమంగా నిలబడాల నాయనా. ముక్కు రవంత వాలినా పర్లేదు. తోక మాత్రం వాలకూడదు. వాలిందా, పడిపోయినట్టే."

ఆ చుక్కలంటే వాడికి ఎంత గర్వమో. పలకరించడానికి వచ్చినోళ్లందరికీ విమానం తిరగేసి అవే చూపించేవాడు.

దావీదు భార్య మగ్దలీనమ్మకు ఈ లెక్కలేవీ పట్టవు. "కంచం ముందర పెడితే ముట్టడు, కాగితాలు అంటిస్తా కూర్చుంటాడు" అని సణుగుతూనే కొడుక్కు ముద్దలు కలిపి పెట్టేది. ఆమెకొక అలవాటు. ఇంట్లో ఎవరు బయల్దేరినా వాళ్ల సంచిలోనో జేబులోనో యోహాను సువార్త పెట్టి పంపుతుంది. అరచేతిలో ఇమిడే పుస్తకం అది. దావీదు మద్రాసు పోతుంటే పెట్టింది, కొడుకు పరీక్షలకు పోతుంటే పెట్టింది. అది దగ్గరుంటే క్షేమంగా తిరిగొస్తారని ఆమె ధైర్యం.

మంచం దిగితే ఆయాసం వచ్చే రోజులు వచ్చేసినాయి. "నాయనా, ఒక్కసారి నా చేత్తో ఎగరేసి చూడాల. తర్వాత ఏమైనా కానీ" అన్నాడు ఆనందబాబు. తర్వాత అంటే ఏందో ముగ్గురికీ తెలుసు. దావీదు ఆ పొద్దే పోలేరయ్య బాడుగ కారు మాట్లాడినాడు.

మర్నాడు మైపాడు సముద్రం ఒడ్డుకు చేరేసరికి ఎండ ఇంకా లేతగా ఉంది. ఆకు కదలడం లేదు. పొద్దెక్కితే సముద్రం గాలి లేస్తుంది, అది లేవకముందే పని కావాల. పోలేరయ్య, దావీదు కలిసి ఆనందబాబును ఇసుకలో పడక కుర్చీ వేసి కూర్చోబెట్టినారు, బటన్ పెట్టె ఒళ్లో పెట్టినారు. దావీదు ఏరియల్ సాగదీసినాడు. బ్యాటరీల తీగలు కలిపినాడు. కొడుకు ఒకసారి నొక్కితే తోక కుడికి, రెండుసార్లు నొక్కితే ఎడమకు తిరుగుతోందని చూసుకున్నాడు. చివరగా చుక్కల కింద వేళ్లు పెట్టి ఎత్తినాడు. విమానం ఎటూ ఒరగకుండా నిలబడింది.

"ఏం నాయనా, నా చుక్కలు?"

"కంసాలి ఇంక కొట్టు మూసుకోవాల్సిందేరా" అన్నాడు దావీదు. వాడు నవ్వినాడు. వాడు నవ్వి ఎన్నాళ్లయిందో.

"ఒక్క నిమిషం నా దగ్గర పెట్టండి, ప్రార్థన చేసుకుంటాను" అన్నది మగ్దలీనమ్మ. విమానం ఆమెకిచ్చి, దావీదు ముందుకు నడిచి పడవలూ వలలూ ఏమైనా అడ్డమున్నాయేమో చూసి వచ్చినాడు. తిరిగొచ్చేసరికి ఆమె కళ్లు తుడుచుకుంటోంది. మొహానికి గాలి తగలడం మొదలైంది. ఆ తొందరలో మళ్లీ వేళ్ల మీద పెట్టి చూడలేదు. స్విచ్చి వేసి, నాలుగడుగులు పరుగెత్తి వదిలినాడు.

లేచింది. తాటిచెట్టంత ఎత్తుకు లేచింది. "నాయనా, లేచింది" అని వెనక నుంచి కొడుకు గొంతు వినిపించింది. అంతలో విమానం ముక్కు ఇంకా పైకెత్తింది, తోక మీద నిలబడినట్టు ఆగింది, ఒక రెక్క మీదికి ఒరిగి సూటిగా వచ్చి తడి ఇసుకలో దిగబడింది.

దావీదు పరుగెత్తినాడు. రెక్క విరిగింది. తీగలు ఊడదీద్దామని కడుపు మూత తెరిస్తే, బ్యాటరీల వెనక, తోక వైపుకు జారి ఇరుక్కొని ఉంది యోహాను సువార్త. అతనికి ఒళ్లు మండిపోయింది. గురిగింజలతో తూచి చేసిన విమానంలో పుస్తకం పెడుతుందా ఎవరైనా? దాన్ని అట్లే ఉంచి విమానం ఎత్తుకొని వస్తున్నాడు. భార్యను అనాల్సిన మాటలన్నీ నోట్లో సిద్ధంగా ఉన్నాయి.

విమానం కొడుకు ఒళ్లో పెట్టి ఆమె వైపు తిరిగినాడు. ఈలోగా ఆనందబాబు మూతలో చెయ్యి పెట్టినాడు. ఆ చెయ్యి లోపలే ఆగిపోయింది. వాడు తండ్రి మొహం చూసినాడు. తల్లి మొహం చూసినాడు. చేతులు జోడించుకొని, పెదాలు బిగబట్టి, ఆమె వాడినే చూస్తోంది. వాడు ఖాళీ చెయ్యి బయటికి తీసి మూత వేసినాడు.

"తప్పు నాదే అమ్మా. చుక్కలు సరిగ్గా పెట్టలేదు నేను."

దావీదు నోరు తెరవబోయినాడు. కొడుకు అతని చెయ్యి పట్టుకున్నాడు. "అంతే కదా నాయనా?"

విదిలిస్తే ఊడిపోయే చెయ్యి. దావీదు విదిలించలేదు.

"అంతే" అన్నాడు.

"పోనీలేరా, మళ్లీ చేద్దువు గానీ" అని మగ్దలీనమ్మ వాడి తల నిమిరింది.

మళ్లీ చేసే వ్యవధి లేకపోయింది. వానలు మొదలుకాకముందే ఆనందబాబు పోయినాడు. విరిగిన రెక్కను దావీదే అంటించి, విమానాన్ని నడవలో దూలానికి వేలాడదీసినాడు.

ఏడాది తిరిగినాక ఇంట్లో జ్ఞాపకార్థ కూటం పెట్టుకున్నారు. పాటలు, వాక్యం అయినాక పాస్టరుగారు సాక్ష్యం చెప్పమంటే మగ్దలీనమ్మ లేచింది.

"నా బిడ్డ చివరిదాకా అబద్ధమాడలేదు. విమానం పడిపోతే, తప్పు నాదే అమ్మా అని వాడంతట వాడే ఒప్పుకున్నాడు. ఇంకొక మాట నేనెవరికీ చెప్పలేదు. ఆ పొద్దు దాని కడుపులో యోహాను సువార్త పెట్టినాను. పిచ్చినాయన, జబ్బులో వాడు లెక్క తప్పినా, దేవుడు దాన్ని సముద్రం పాలు కానీకుండా ఒడ్డునే దించి వాడి ఒళ్లోకి చేర్చినాడు."

అందరూ కళ్లు తుడుచుకున్నారు. దావీదు కూర్చున్న చోటి నుంచి రెక్కల అడుగున రెండు చుక్కలూ కనిపిస్తున్నాయి. అవి సరిగ్గా ఉండాల్సిన చోటే ఉన్నాయని తెలిసినవాడు ఈ లోకంలో ఇక అతనొక్కడే. నా కొడుకు లెక్క తప్పలేదు అని లేచి అరవాలని ఉంది.

మగ్దలీనమ్మ అతని వైపు తిరిగింది. ఏడాది తర్వాత ఆ మొహంలో కాస్త నెమ్మది కనిపిస్తోంది.

"అంతే కదండీ?" అన్నది.

"అంతే" అన్నాడు దావీదు.